ఆఫ్రికా రాజులే అమ్ముకున్నారు అంటే అయిపోయిందా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. మా కాలేజీ స్నేహితుల గ్రూపులో మొన్నటి నుంచి ఒకటే గొడవ. ఒకడు ఎక్కడిదో ఫార్వర్డ్ తెచ్చి పెట్టాడు. "అట్లాంటిక్ బానిస వ్యాపారం అంటూ యూరప్ వాళ్ళని ఊరికే తిడతారు. ఆఫ్రికా రాజులే తమ వాళ్ళని అమ్ముకున్నారు, వీళ్ళు కొనుక్కున్నారు, అంతే" అని అందులో ఉంది. సగం మంది లైకులు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది గానీ, గట్టిగా మాట్లాడదామంటే చేతిలో సరుకు లేదు. ఇక్కడ చదువుకున్నవాళ్ళు ఉన్నారు కదా, రెండు విషయాలు చెప్పండి. అసలు ఇది ఎలా మొదలైంది? అమెరికాలో అక్కడి జనం ఉండగా అంత దూరం నుంచి ఆఫ్రికా వాళ్ళనే ఎందుకు తెచ్చారు?

పాతపటం:
ముందు ఆ "తమ వాళ్ళు" అన్నదగ్గరే ఆగండి. 15వ శతాబ్దంలో గినీ తీరం నుంచి కాంగో దాకా ఎవరూ తమను తాము ఆఫ్రికన్లు అనుకోలేదు. బెనిన్ వేరు, కాంగో రాజ్యం వేరు, అకాన్ జనం వేరు. కాకతీయులు, యాదవులు కొట్టుకుంటే "ఆసియా వాళ్ళు తమలో తాము కొట్టుకున్నారు" అంటామా?

ఇక మొదలు సంగతి. ఇది మొదలైంది కొనుగోలుతో కాదు, దోపిడీతో. 1441లో పోర్చుగీసు ఓడ ఒకటి సహారా తీరంలో దిగి కొందరిని పట్టుకుపోయింది. 1444 ఆగస్టులో పోర్చుగల్‌లోని లాగోస్ రేవులో 235 మందిని దించి వాటాలు వేశారు. అందులో ఐదో వంతు యువరాజు హెన్రీకి. ఆయన గుర్రం మీద కూర్చుని చూస్తుండగానే పంపకం జరిగింది. తల్లులు పిల్లల్ని వదలక నేల మీద పడి పెనుగులాడారని రాజాస్థానం చరిత్రకారుడు జురారా రాసిపెట్టాడు. హెన్రీని ఆకాశానికెత్తడం కోసం రాసిన చరిత్రలోనే ఇది ఉంది. అందుకే దాన్ని కల్పన అని తోసిపుచ్చడం కష్టం.

మరి కొనుగోలు ఎప్పుడు మొదలైందంటే, దోపిడీ బెడిసికొట్టాక. ఇంకా దక్షిణానికి పోతే అక్కడివాళ్ళు పడవల్లో ఎదురొచ్చి విషపు బాణాలతో కొట్టారు. 1446లో నూనో ట్రిస్టాన్ అనే ఓడ నాయకుడు, అతని మనుషుల్లో చాలామంది అలాగే చచ్చారు. బలవంతంగా పట్టుకోవడం గిట్టుబాటు కాదని తేలాక బేరాలకు దిగారు. "కొనుక్కున్నారు, అంతే" అనేవాడికి ఈ ముందు కథ చెప్పండి.

ఓరుగల్లు_పోరడు:
సరే అన్నా, మొదట దోపిడీనే. తర్వాత నాలుగు వందల ఏండ్లు నడిచిన వ్యాపారంల అమ్మింది ఎవరు? అక్కడి రాజులు, దళారులే కదా. వాళ్ళని పక్కకు తప్పించి కథ చెప్తే అది కూడా సగం కథే. నేను ఆ ఫార్వర్డ్ బ్యాచ్ కాదు, ముందే చెప్తున్న.

పాతపటం:
తప్పించడం లేదు తమ్ముడూ. కాంగో సంగతే చూడు. అక్కడి రాజు 1491లోనే క్రైస్తవం పుచ్చుకున్నాడు. కొడుకు అఫోన్సో పోర్చుగీసు నేర్చి, చర్చిలు కట్టించి, లిస్బన్ రాజును అన్నా అని పిలుస్తూ ఉత్తరాలు రాశాడు. యుద్ధ ఖైదీలను అమ్మినవాడే అతను కూడా. అయినా 1526లో రాసిన ఉత్తరంలో గోల పెట్టాడు. మీ వర్తకులు తెచ్చే సరుకుల ఆశకు నా ప్రజలే ఒకర్నొకరు ఎత్తుకుపోతున్నారు, పెద్ద ఇళ్ళ బిడ్డల్నీ నా బంధువుల్నీ కూడా పట్టుకుపోతున్నారు, దేశం ఖాళీ అవుతోంది, పాదిరీలనూ పంతుళ్ళనూ పంపండి చాలు, వర్తకులు వద్దు అని. లిస్బన్ పెద్దగా పట్టించుకోలేదు. చివరికి అతను చేయగలిగింది తనిఖీ పెట్టడం. కొనే ప్రతి మనిషీ నిజంగా ఖైదీయేనా, ఎత్తుకొచ్చినవాడా అని చూడటానికి అధికారుల్ని వేశాడు.

బెనిన్ ఇంకో దారి పట్టింది. 16వ శతాబ్దంలో మగవాళ్ళను అమ్మడం ఆపేసి మిరియాలు, దంతం, బట్టలతో వ్యాపారం నడిపింది. అంటే అక్కడి రాజుల్లో ఆపినవాళ్ళు ఉన్నారు, సగం ఆపినవాళ్ళు ఉన్నారు, పీకల్లోతు దిగినవాళ్ళూ ఉన్నారు. ఒకరు ఆపితే ఓడలు పక్క రేవుకు పోయాయి. లెక్క మారలేదు.

లెక్కలమాస్టారు:
లెక్క అన్నారు కాబట్టి నేను దూరుతున్నా. ఓడ ప్రయాణాల రికార్డులన్నీ కలిపి చరిత్రకారులు వేసిన అంచనా ప్రకారం మొత్తం ఓడ ఎక్కించింది దాదాపు 1 కోటి 25 లక్షల మందిని. ఒడ్డు చేరింది 1 కోటి 7 లక్షలు. మిగతా 18 లక్షల మంది సముద్రంలోనే పోయారు. తీరానికి నడిపించే దారిలో, కోటల చెరల్లో పోయినవాళ్ళు ఈ లెక్కలో లేరు.

ఇంకో విషయం. మనం బానిసత్వం అనగానే అమెరికా పత్తి చేలు తలుచుకుంటాం. ఇప్పటి అమెరికా దేశానికి నేరుగా చేరింది 4 లక్షల లోపే. బ్రెజిల్‌కు 48 లక్షల పైన. కరీబియన్‌లోని 430 చదరపు కిలోమీటర్ల బార్బడోస్ దీవి ఒక్కదానికే 5 లక్షలకు దగ్గరగా. మన దగ్గర రెండు మూడు మండలాలు కలిపితే అంత ఉంటుందేమో ఆ దీవి.

కృష్ణాతీరం:
మాస్టారూ, అంత చిన్న దీవికి 5 లక్షల మందా? ఎక్కడ పెట్టారు?

లెక్కలమాస్టారు:
ఎక్కడా పెట్టలేదు. చచ్చిపోయారు. 1834లో బ్రిటిష్ వాళ్ళు బానిసత్వం రద్దు చేసేనాటికి ఆ దీవిలో ఉన్న బానిసలు 83 వేల చుట్టూ.

పాతపటం:
మాస్టారు ఒక్క ముక్కలో తేల్చేశారు. కారణం చక్కెర.

చక్కెర తోట, బానిస పని అనే ఈ జోడు కరీబియన్‌లో పుట్టలేదు. ఆఫ్రికా పక్కన ఉన్న అట్లాంటిక్ దీవుల్లో తయారైంది. మదీరాలో పోర్చుగీసు వాళ్ళు 1420 ప్రాంతంలో దిగారు, ఆ శతాబ్దం చివరికి యూరప్‌కు చక్కెర అమ్మే దీవి అయింది. కొలంబస్ కుర్రవాడిగా అక్కడ చక్కెర బేరం చేసినవాడే. అతని మామగారు పక్కనున్న పోర్టో శాంటో దీవికి అధికారి. తర్వాత భూమధ్యరేఖ దగ్గర సావో తోమే. మనుషులు లేని దీవి అది, 1480ల తర్వాత ఎదురుగా ఉన్న తీరం నుంచి బానిసల్ని తెచ్చి చెరుకు వేయించారు. యజమానులు కొద్దిమంది, పనివాళ్ళంతా ఆఫ్రికన్లు, పండిందంతా ఎగుమతికే. ఈ పద్ధతికి నమూనా అక్కడే తయారైంది. 1595లో అమాదోర్ అనే అతని నాయకత్వంలో అక్కడి బానిసలు తిరగబడి మిల్లులు తగలబెట్టారు. తోటల యజమానులు చాలామంది అప్పటికే బ్రెజిల్ వైపు చూస్తున్నారు. 1493 రెండో ప్రయాణంలో కొలంబస్ కానరీ దీవుల నుంచి చెరుకు గడలు పట్టుకెళ్ళాడు కూడా. మొక్కతో పాటు పద్ధతీ ఓడ ఎక్కింది.

బార్బడోస్‌కు ఇంగ్లీషు వాళ్ళు 1627లో వచ్చారు. మొదట పొగాకు, పత్తి. పనికి ఇంగ్లండ్, ఐర్లండ్ పేదలు, కొన్నేళ్ళ ఒప్పందం మీద. ఆ పొగాకు నాసిరకం, ధర లేదు. 1640లలో బ్రెజిల్ నుంచి చక్కెర విద్య వచ్చింది. 1680 నాటికి దాదాపు 38 వేల మంది బానిసలు, తెల్లవాళ్ళు అందులో సగం చుట్టూ. అడవి దాదాపు మొత్తం కొట్టేశారు.

అనకాపల్లి_బెల్లం:
చరిత్ర నాకు తెలీదు గానీ చెరుకు తెలుసు. మాది మూడు తరాలుగా బెల్లం పొయ్యి. చెరుకు నరికాక ఆలస్యం చేస్తే రసం పాడవుతుంది, తీపి పడిపోతుంది. అందుకే సీజన్‌లో గానుగ ఆగకూడదు, పొయ్యి ఆరకూడదు. రాత్రిళ్ళు నిద్ర ఉండదు. సొంత పంట, కూలి ఇచ్చి మనుషుల్ని పెట్టుకున్నా మాకే ప్రాణం పోయినట్టుంటుంది. కూలీ లేదు, మానేసే వీల్లేదు, వెనక కొరడా అంటే ఊహించుకోండి. అప్పట్లో గానుగ దేంతో తిప్పేవారు?

పాతపటం:
ఎద్దులు, గుర్రాలు, నీరు ఉన్నచోట నీటి చక్రం, తర్వాత బార్బడోస్ అంతా గాలిమరలు. నిలువుగా మూడు రోలర్లు, మధ్యలోకి చేత్తో గడ తోయాలి. నిద్రమత్తులో చెయ్యి ఇరుక్కుంటే లోపలికి లాగేసేది. ఆ చెయ్యి నరకడానికి పక్కనే గొడ్డలి పెట్టుకునేవారని ఆనాటి రాతల్లోనే ఉంది. ఆపైన వంటశాల. పెద్ద బాణలి నుంచి చిన్న బాణలికి వరసగా మరుగుతున్న రసం తోడిపోస్తూ ఉండాలి. మీరు చెప్పిన ఆ ఆగకూడని తనమే మొత్తం దీవిని మిల్లుగా మార్చింది.

పుట్టేవాళ్ళ కన్నా చచ్చేవాళ్ళు ఎక్కువ. యజమానులకు అది తెలుసు. బిడ్డను పెంచి పనికి తేవడం కన్నా కొత్త మనిషిని కొనడమే చవక అని లెక్క వేసుకున్నారు. 1661లో ఆ దీవి సభ బానిసల చట్టం చేసింది. శిక్షిస్తుండగా బానిస చచ్చిపోతే యజమానికి ఏ శిక్షా లేదు. కావాలని చంపితే జరిమానా, అంతే. జమైకా ఈ చట్టాన్ని తీసుకుంది, బార్బడోస్ నుంచి వలస వెళ్ళినవాళ్ళు ఇప్పటి అమెరికా దేశంలోని కరోలినాకూ పట్టుకెళ్ళారు. మాస్టారు చెప్పిన పత్తి చేల కథకు వేరు ఇక్కడుంది.

కృష్ణాతీరం:
నా రెండో ప్రశ్న మిగిలింది. అక్కడి జనాన్నే ఎందుకు వాడుకోలేదు?

లెక్కలమాస్టారు:
వాడుకున్నారు, అయిపోయేదాకా. హిస్పనియోలా దీవిలో (ఇప్పటి హైతీ, డొమినికన్ రిపబ్లిక్) తైనో జనాన్ని ఊళ్ళవారీగా స్పెయిన్ వాళ్ళకు పంచి బంగారం తవ్వించారు. 1492లో ఎందరున్నారన్నదాని మీద పండితులకు పొంతన లేదు, లక్షల్లో అని చాలామంది అంటారు. 1514 పంపకం లెక్కల్లో మిగిలింది పాతికవేల చుట్టూ. మశూచి అప్పటికింకా రాలేదు, అది 1518 చివర్లో వచ్చింది. అందుకే "రోగాలతో పోయారు పాపం" అనే మాట సగమే నిజం. పని, ఆకలి, పారిపోవడం, చంపడం ముందే సగం పని చేశాయి.

అదే 1518లో స్పెయిన్ రాజు చార్లెస్ తన ఆస్థానంలో ఒకాయనకు 4,000 మంది ఆఫ్రికన్లను తెచ్చుకునే లైసెన్సు ఇచ్చాడు. ఆయన దాన్ని జెనోవా వర్తకులకు అమ్మేసుకున్నాడు. మనిషి ఇంకా ఓడ ఎక్కకముందే వాడి మీద కాగితం చేతులు మారింది. తైనోల తరఫున పోరాడిన లాస్ కాసాస్ అనే పాదిరీయే మొదట్లో ఆఫ్రికా వాళ్ళను తెమ్మని సలహా ఇచ్చినవాళ్ళలో ఒకడు. తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. మూడేళ్ళకే, 1521 క్రిస్మస్ రోజుల్లో, కొలంబస్ కొడుకు డియెగో చక్కెర తోటలో బానిసలు తిరగబడ్డారు.

చీరాల_మగ్గం:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నా. ఒక్కటి అడగాలి. ఆ తీరంలో మనిషికి బదులు ఏం ఇచ్చేవారు? స్కూలు పుస్తకంలో తుపాకులు, సారా, పూసలు అని ఉంటుంది. అవి ఇచ్చారు, అబద్ధం కాదు. కానీ అన్నిటికన్నా పెద్ద వాటా బట్టలది. అందులో చాలా భాగం మన దేశం బట్ట, కోరమాండల్ తీరం బట్ట.

డచ్ వాళ్ళు 1605లో, ఇంగ్లీషు వాళ్ళు 1611లో మచిలీపట్నంలో దుకాణం పెట్టింది మొదట సుగంధ ద్రవ్యాల దీవులకు (ఇప్పటి ఇండోనేషియా) బట్ట కొనడానికి. అక్కడివాళ్ళకు మన బట్టే కావాలి కాబట్టి. తర్వాత అదే బట్ట ఆమ్‌స్టర్‌డామ్, లండన్ వేలంపాటల్లో ఆఫ్రికాకు ఓడలు నడిపే యూరప్ వర్తకుల చేతికి వెళ్ళింది. నీలిమందులో ముంచిన సాలెంపూర్లు అనే ముతక నూలు గుడ్డలు, చారలు, గళ్ళు. ఆ వ్యాపారంలో వాటికి పేరే గినీ గుడ్డ. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లీషు వాళ్ళకు కోఠీ ఉండేది తెలుసుగా. ఆఫ్రికా తీరంలో బానిసల వ్యాపారం చేయడానికి ఇంగ్లీషు వాళ్ళు 1672లో పెట్టిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీ ఈ సరుకు ఈస్టిండియా కంపెనీ దగ్గరే కొనేది.

ఇంకో తమాషా. 1700లో ఇంగ్లండ్ పార్లమెంటు అక్కడి నేతగాళ్ళ గొడవకు మన అద్దకం బట్టను దేశంలో కట్టుకోకూడదని చట్టం చేసింది, 1721లో ఇంకా బిగించింది. బయటికి పంపడానికి మాత్రం అడ్డు లేదు. ఇక ఆ మూటల్లో చాలా ఎటు పోతాయి? ఆఫ్రికాకు, కరీబియన్‌కు.

ఆఫ్రికా వర్తకులు ఏదిస్తే అది తీసుకునే అమాయకులు అనుకోకండి. రంగు, చార, పొడవు తేడా వస్తే వద్దనేవారు. ఏ రేవులో ఏ గుడ్డ చెల్లుతుందో తెలుసుకోకుండా వెళ్ళిన కెప్టెన్ నెలల తరబడి తీరంలో పడి ఉండేవాడు. మాంచెస్టర్ వాళ్ళు మన గళ్ళ గుడ్డను కాపీ కొడితే చాలాకాలం రంగు నిలవలేదు.

ఓరుగల్లు_పోరడు:
ఆగన్నా. అంటే మన నేతన్నలకూ ఈ పాపంల వాటా ఉన్నట్టేనా? రాజులను అంటున్నరు కదా మరి.

చీరాల_మగ్గం:
నువ్వు అలా అడుగుతావని తెలుసు. నేత కుటుంబం నుంచి చెప్తున్నా విను. నేసేవాడికి దళారి ముందుగా డబ్బు ఇస్తాడు. నూలు కొనాలి, ఇల్లు గడవాలి, తీసుకుంటాడు. ఆ బాకీ తీరేదాకా ఇంకెవరికీ నేయకూడదు. గుడ్డ కొలత తగ్గితే ధర కోస్తారు. ఆ గుడ్డ మచిలీపట్నం దాటాక ఎటు పోతుందో వాడికేం తెలుసు? దళారికే తెలియదు. తెలిసింది లండన్‌లో లెక్క రాసేవాడికి. వాడి పుస్తకంలో ఒక పేజీ మీద బందరు గుడ్డ, ఇంకో పేజీ మీద కేప్ కోస్ట్‌లో (ఇప్పటి ఘనా తీరంలోని ఇంగ్లీషు కోట) ఎక్కించిన తలలు.

లెక్కలమాస్టారు:
ఈ పాయింటు బాగుంది, దీనికి వెనక అడుగు కూడా ఉంది. మచిలీపట్నంలో బట్ట కొనడానికి కంపెనీలు తెచ్చింది ఏమిటి? వెండి, బంగారం. ఆ వెండిలో ఎక్కువ భాగం స్పెయిన్ అమెరికాది, ఇప్పటి బొలీవియాలోని పొటోసి కొండలో బలవంతపు పనికి తోలిన ఆండీస్ జనం తవ్వింది. ఆ వెండితో ఇక్కడ గుడ్డ, ఆ గుడ్డతో అక్కడ మనుషులు, ఆ మనుషులతో చక్కెర. యూరప్, ఆఫ్రికా, అమెరికాల మధ్య వ్యాపారమని పుస్తకాల్లో గీసే త్రికోణానికి నాలుగో మూల బంగాళాఖాతంలో ఉంది. మాల్దీవుల గవ్వలు కూడా ఇంతే. బెంగాల్, సిలోన్ మీదుగా ఓడ అడుగున బరువు కోసం వేసుకుని యూరప్‌కు, అక్కడి నుంచి పశ్చిమ ఆఫ్రికాలోని ఊయిడా రేవుకు. అక్కడ గవ్వే డబ్బు.

ఆ త్రికోణం అన్ని ఓడలకూ వర్తించదు కూడా. బ్రెజిల్ ఓడలు చాలావరకు యూరప్ వైపు పోకుండానే అంగోలాకు వెళ్ళి తిరిగొచ్చేవి.

అక్రా_నుంచి:
నేను ఘనాలో ఉద్యోగం చేస్తున్నా. కేప్ కోస్ట్, ఎల్మినా కోటలు రెండూ చూశాను. మీరు పేజీ అన్నారు కదా, అక్కడ అదే రాయి రూపంలో కనిపిస్తుంది. కేప్ కోస్ట్‌లో మగవాళ్ళను కుక్కిన నేలమాళిగ పైనే చర్చి ఉండేది. ఫిరంగులన్నీ సముద్రం వైపు. ఎందుకంటే భయం లోపలి వాళ్ళతో కాదు, ఇంకో యూరప్ దేశం ఓడలతో. లోపలి రాజులకు అద్దె కట్టి ఉన్నారు. మలేరియాకు భయపడి ఊరు దాటి లోపలికి పోయేవాళ్ళు తక్కువ.

ఎల్మినా మొదట బంగారం కోసం కట్టింది, 1482లో. పోర్చుగీసు రికార్డుల్లో కారమాన్సా అని రాసిన అక్కడి పెద్ద, కోట కడతామంటే ఒప్పుకోలేదు. అప్పుడప్పుడూ వచ్చిపోతేనే స్నేహం నిలుస్తుంది, పక్కనే కాపురం పెడితే చెడుతుందని మర్యాదగా చెప్పాడట. వినలేదు. రాళ్ళ కోసం ఊరివాళ్ళు కొలిచే బండను పగలగొట్టారు, కొట్లాట అయింది, కానుకలిచ్చి సర్దారు. తర్వాత కొన్నేళ్ళు పోర్చుగీసు వాళ్ళే బెనిన్ వైపు నుంచి బానిసల్ని తెచ్చి ఇక్కడ బంగారానికి అమ్మారు. కొనేవాళ్ళు అమ్మేవాళ్ళు అని గీత గీయడం అంత తేలిక కాదు మరి. 1637లో డచ్ వాళ్ళు కోట గుంజుకున్నారు, 18వ శతాబ్దానికి మనుషుల వ్యాపారమే ప్రధానం అయింది.

చీరాల_మగ్గం అన్నా, నైజీరియాలో కలబారి అనే జనం మద్రాసు గళ్ళ గుడ్డ లేకుండా పురుడూ చావూ చేయరు. ఇప్పటికీ.

చీరాల_మగ్గం:
అవును, ఆ రుమాళ్ళు మా చీరాల చుట్టుపక్కల నేసినవే చాలా ఉండేవి. అక్కడి వాళ్ళు పాత గుడ్డను వాసన చూసి గుర్తుపట్టేవారని విన్నాను. కరీబియన్‌లోని మార్టినిక్, గ్వాడెలూప్ దీవుల్లో ఆడవాళ్ళ తలగుడ్డ కూడా మద్రాసు గళ్ళే. బానిసల వారసులు పండక్కి కట్టుకునేది అది.

ఓరుగల్లు_పోరడు:
మంచిగుంది చర్చ. అయినా నా మాట మీదనే ఉన్న. 18వ శతాబ్దంల దహోమే రాజు 1727ల ఊయిడా రేవును గెలిచి, దాని మీద వచ్చే డబ్బుతోనే రాజ్యం నడిపిండు. ఆయనకు లండన్ లెక్క పేజీ తెల్వకపోవచ్చు గానీ, ఓడ ఎక్కినోడు తిరిగిరాడని తెలుసు.

పాతపటం:
దహోమే విషయంలో కాదనను. నీకు తెలిసిన పేరు ఇంకోటి కలుపుతా: రాయల్ ఆఫ్రికన్ కంపెనీకి అధిపతి డ్యూక్ ఆఫ్ యార్క్, తర్వాత ఇంగ్లండ్ రాజైన రెండో జేమ్స్. కంపెనీ కొన్న మనుషుల ఒంటి మీద కాల్చిన ముద్ర ఆయన పేరు పొడి అక్షరాలు, డి.వై. రాజులే అమ్మారు అని గ్రూపులో ఎవరైనా అంటే, రాజులే కొన్నారు కూడా అని రాయండి కృష్ణాతీరం గారూ.

కృష్ణాతీరం:
ఆ ముక్క ఇప్పుడే పెట్టాను. "మరి ఆ డబ్బు వెనక్కి ఇచ్చారా" అని అడుగుతున్నాడు వాడు.

లెక్కలమాస్టారు:
ఇచ్చారు. బానిసలకు కాదు, యజమానులకు. రద్దు చట్టంతో పాటు 2 కోట్ల పౌండ్లు, మీ ఆస్తి పోయిందని నష్టపరిహారం. దానికి చేసిన అప్పు తాలూకు బాండ్లను బ్రిటిష్ ప్రభుత్వం పూర్తిగా తీర్చేసింది 2015లో. విడుదలైనవాళ్ళకు ఒక్క పెన్నీ లేదు. పైగా ఇంకో నాలుగేళ్ళు అప్రెంటిస్ అనే పేరుతో అదే యజమాని దగ్గర జీతం లేని పని. అది 1838లో ముగిసిన ఏడాదే కలకత్తా నుంచి గయానా తోటలకు కూలీల ఓడలు చేరాయి. తర్వాత మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. దానికి వేరే థ్రెడ్ తెరవండి, అనకాపల్లి వైపు నుంచి ఓడ ఎక్కినవాళ్ళ కథలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే అక్కడ రాద్దాం.

అనకాపల్లి_బెల్లం:
మా తాతమ్మ అన్నగారు కోరంగి రేవులో ఓడ ఎక్కాడని ఇంట్లో చెప్పుకునేవారు. మారిషస్ అనుకుంటాం. థ్రెడ్ తెరవండి, అమ్మను అడిగి రాస్తాను.